ఐదు వేళ్ళ పంచనామా

మెదక్ పట్నంలో పరమేశ్ కన్నా పరమేశ్ వేళ్ళకే పేర్లెక్కువ. అవి నలుగురిలో చెప్పుకునే పేర్లు కావనుకోండి, అది వేరే సంగతి. సర్వే పనులు చేసే కంపెనీల్లో ఇరవై ఏళ్ళుగా ఫీల్డ్ అసిస్టెంటు అతను. రోడ్డు వెడల్పు చేయాలన్నా, కరెంటు సబ్‌స్టేషన్ కట్టాలన్నా, ముందు ఐదుగురు స్థానికులు ఆ జాగా చూసి "మేం కళ్ళారా చూశాం, ఇక్కడ ఇవి ఉన్నాయి, ఇవి లేవు" అని వేలిముద్రలు వేయాలి. దాన్నే పంచనామా అంటారు. మండుటెండలో ఐదుగురిని పోగుచేసి, చాయ తాగించి, వాళ్ళ గట్టు తగాదాలన్నీ వినడం కన్నా సుఖమైన దారి పరమేశ్ ఎప్పుడో కనిపెట్టాడు. పంచనామాకు ఐదుగురు కావాలి. ఎడమచేతికి ఐదు వేళ్ళున్నాయి. ఇంక వెతుక్కోవడం దేనికి?

పేర్లు పెట్టడంలో మాత్రం మనిషి ఆరితేరాడు. ఒకే రకం పేర్లు రాస్తే ఏ ఆఫీసరుకైనా అనుమానం వస్తుంది. అందుకని ఒక ముసలి పేరు, ఒక పడుచు పేరు, ఒక ఆడమనిషి, ఒక చర్చి వాళ్ళ పేరు, ఇలా కలిపి రాసేవాడు. పక్కన వయసులు కూడా వేసేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కడూ పట్టుకోలేదు. పైగా "నీ పంచనామా ముత్యం లెక్క ఉంటది పరమేశూ" అని మెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఈసారి వచ్చిన పని మోరీనీళ్ళ ప్లాంటు. పట్నంలో సగం ఇళ్ళ మురుగు నల్లసముద్రంలోకి పోతోంది. సముద్రమంటే నిజం సముద్రం కాదు, చెరువే. పెద్ద చెరువును సముద్రమనడం ఈ వైపు అలవాటు. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి, ఒడ్డున ఉన్న వాడల్లో పిల్లలకు జ్వరాలు తగ్గడం లేదు. మురుగును శుద్ధి చేసే ప్లాంటు కడితే తప్ప దారి లేదని అన్ని పార్టీల వాళ్ళూ ఒప్పుకున్నారంటే చూడండి, కంపు ఎంతదాకా పోయిందో. చెరువుకట్ట కింద రెండెకరాల సాగు లేని సర్కారు పడావు భూమి దొరికింది. కావలసిందల్లా అనుమతి. అనుమతికి రిపోర్టు కావాలి, రిపోర్టుకు పంచనామా కావాలి, పంచనామాకు పరమేశ్ ఉన్నాడు.

రిపోర్టు తయారుచేసే కంపెనీ తరఫున దేవిక అనే ఇంజనీరు వచ్చింది. ఎల్దుర్తి పిల్లే, హైదరాబాదులో చదువుకుంది. పని మీద ధ్యాస, మనుషుల మీద నమ్మకం, రెండూ ఎక్కువే ఆ పిల్లకు.

"పరమేశన్నా, ఆ జాగల గుళ్ళు, సమాధులు, బొందలు ఏమన్న ఉన్నయా? ఉంటే ఇప్పుడే చెప్పు. జాగ జర అటో ఇటో జరుపుకుంటం. రిపోర్టు పోయినంక తెలిస్తే మస్తు పరేషాన్ అయితది."

"ఏం లేవు మేడం. తంగేడు చెట్లు తప్ప ఏమున్నయ్ ఆడ?"

ఆ మాట అన్నప్పుడు అతను ఆమె మొహం చూడలేదు. చెప్పుకు అంటిన మట్టిని రాయికేసి గీకుతూ అన్నాడు.

ఆ భూమికి తూర్పు మూలన తంగేడు పొదలున్నాయి. బతుకమ్మ పండుగొస్తే ఆడవాళ్ళు తంగేడు పువ్వు కోసం ఎక్కడెక్కడో తిరుగుతారు గానీ, ఆ మూల పొదలు పచ్చగా విరగబూసినా ఒక్కరు రెమ్మ తుంచరు. ఎందుకో ముసలి మగవాళ్ళకు తెలుసు, వాళ్ళు పైకి చెప్పరు. ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలలో వేసి పేరు పెడతారు కదా, ఆ తొట్టెల కాకముందే కన్నుమూసిన పసిగుడ్లను తాతల నాటి నుంచి అక్కడే బొంద పెట్టేవాళ్ళు. వాళ్ళకు పేరుండదు, రాయి ఉండదు, దినాలుండవు. తండ్రి ఒక్కడే చేతుల మీద ఎత్తుకుపోయి, పూడ్చి, వెనక్కి చూడకుండా వస్తాడు. తల్లికి చోటు చెప్పడు. చెబితే ఆమె అక్కడికి పోకుండా ఉండలేదు, పోతే కడుపున ఇంకో పిల్ల నిలవదని నమ్మకం.

ఇరవై నాలుగేళ్ళ కింద పరమేశ్ కూడా అలాగే పోయాడు. పదహారు రోజుల ఆడపిల్ల. భార్య యాదలక్ష్మి పక్కింట్లో కిరాయికుండే టీచరమ్మను అడిగి మంచి పేరు కూడా ఎంచిపెట్టుకుంది. తొట్టెల నాడు పిలుద్దామని ఇద్దరూ ఆ పేరును ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. టీచరమ్మ బదిలీ మీద వెళ్ళిపోయింది. పిల్ల కూడా వెళ్ళిపోయింది. పూడ్చి ఇంటికొచ్చిన పరమేశ్ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ అతని తల్లి గడపలోనే గట్టిగా చెప్పింది.

"ఏం పేరనుకున్నరో గని, ఇంక గది నోట్లకెల్లి రానియ్యకు కొడుకా. పేరు లేనోళ్ళను పేరు వెట్టి పిలిస్తే, పిలిచిన కాడికి వస్తరు."

అతను పిలవలేదు. యాదలక్ష్మి మాత్రం అడిగేది. మొదట్లో రోజూ, తర్వాత్తర్వాత ఏడాదికోసారి, బతుకమ్మను నీళ్ళలో వదిలి వచ్చిన రాత్రి. "ఏడ పెట్టినవయ్యా నా బిడ్డను? జర చెప్పు." చెప్పకపోతే ఇంకో పిల్ల నిలుస్తుందన్నారు కదా, అతను చెప్పలేదు. ఇంకో పిల్ల పుట్టనే లేదు. పుట్టదని తేలిపోయాక చెబుదామంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. అట్లా అట్లా ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

మరి అలాంటి జాగాను పట్టుకుని ఏమీ లేదని ఎలా అన్నాడూ అంటే, ఏం చెప్పాలి! ఉందంటే ఎవరిదని అడుగుతారు. నాది ఉందని చెప్పాలి. ఆ మాట సాయంత్రానికల్లా యాదలక్ష్మి చెవిన పడుతుంది. మన్నులో మన్నయిపోయి ఉంటుందిలే, ఇప్పుడేముంది అనుకున్నాడు. కన్న తండ్రి అనుకోవలసిన మాటేనా అది? ఆ అనుకోవడానికే లాగి చెంప మీద ఒకటివ్వాలి.

పంచనామా రాసింది చాయ్ హోటల్ వెనక బల్ల మీద. "పైన చెప్పిన స్థలమును మేము స్వయముగా తిరిగి చూచితిమి. అందు ఇండ్లు, గుళ్ళు, సమాధులు, బొందలు ఏమియు లేవు." ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మాటలే, చెయ్యి దానంతటదే పోయింది. కింద ఎల్లేష్, అరవై ఒకటి అని రాసి బొటనవేలు ఒత్తాడు. ఆగమ్మ, యాభై రెండు, చూపుడువేలు. దామోదర్, నలభై మూడు, నడిమివేలు. ఇమ్మాన్యుయేల్, ముప్పై అయిదు, ఉంగరపువేలు. ఆ వేలికి చిన్నప్పుడు కొడవలితో తెగిన గాటు ఉంది. ముద్రలో అడ్డంగా తెల్లగీత పడింది.

చిటికెనవేలి కాడికి వచ్చేసరికి పేరు తోచలేదు. ఇది ఎన్నడూ లేని వింత. పడుచుపిల్ల పేరు ఒకటి కావాలి, అంతే. హోటలాయన చాయ గ్లాసు పెట్టి పోయాడు. పరమేశ్ ఆ గ్లాసు కేసి చూస్తున్నాడు. మళ్ళీ కాగితం చూసుకునేసరికి అక్కడ తన అక్షరాల్లోనే రాసి ఉంది. మహతి, ఇరవై నాలుగు.

ఇరవై నాలుగేళ్ళుగా నోటికి రానివ్వని పేరు. కొట్టేద్దామనుకున్నాడు. కొట్టివేతలున్న పంచనామాకు వంద ప్రశ్నలొస్తాయి. మళ్ళీ మొదటి నుంచి రాద్దామంటే సాయంత్రంలోగా దేవికకు ఇవ్వాలి. పేరే కదా, ఎవరికి తెలుసు, అని చిటికెనవేలు ఒత్తేశాడు.

ఇంటికెళ్ళి సబ్బుతో కడిగితే సిరా పోయింది. సిరాతో పాటు ఇంకేదో కూడా పోయింది. ఎడమచేతి వేళ్ళకు ఏళ్ళ తరబడి కాసిన కాయలు లేవు. బీడీ మరకలు లేవు. కొడవలి గాటు లేదు. ఐదు కొసలూ మెత్తగా, లేతగా, నీళ్ళలో నానినట్టు ఉన్నాయి. కుడిచెయ్యి చూసుకుంటే ఎప్పటిలాగే మొద్దుబారి, నల్లగా, తన వయసుకు తగ్గట్టే ఉంది.

పొద్దున్నే ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంది లోపలి ఆడగొంతు. మళ్ళీ పెట్టాడు. చూపుడువేలు పెట్టాడు. నడిమివేలు పెట్టాడు. చిటికెనవేలి దాకా అదే మాట. వెనక నిలబడ్డ దేవిక నవ్వింది.

"వేళ్ళకు గీతలే అరిగిపోయినయ్ అన్నా నీకు. కుడిచేతిది ఎక్కిస్తా ఆగు."

గీతలు అరగలేదు. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసుకున్నాడు. ఉన్నాయి. వెంట్రుక కన్నా సన్నగా, ఇంకా ఏ పనీ ఎరగనివాళ్ళ గీతల్లాగ, మిషన్‌కు అందనంత సన్నగా ఉన్నాయి. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అది ఎక్కువగా జేబులోనే ఉండేది.

మూడో రోజు పొద్దున అన్నం తింటున్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద వెల్లకిలా ఉంది. యాదలక్ష్మి పచ్చిపులుసు పోస్తూ వంగినప్పుడు ఆమె వేలు అతని అరచేతికి తగిలింది. తగలగానే ఐదు వేళ్ళూ ఆ వేలి చుట్టూ ముడుచుకుని పట్టేసుకున్నాయి.

"ఏందయ్యా, ఇడువు. పులుసు ఒలుకుతది."

"నేను పట్టుకోలే."

ఆ మాట నిజం. కుడిచేత్తో వేళ్ళు విడదీయబోయాడు. ఒకటి తీస్తే ఇంకొకటి ముడుచుకుంటోంది. పట్టు గట్టిది కాదు, కానీ వదలదు. యాదలక్ష్మి వేలు లాక్కోలేదు. గిన్నె పట్టుకుని అలాగే ఒంగి నిలబడిపోయింది. కాసేపటికి పట్టు దానంతటదే సడలింది. ఆమె తన వేలి కేసి చూసుకుంది.

"గిట్లనే పట్టుకునేది" అంది.

అతను మిగిలిన అన్నం వదిలేసి చెయ్యి కడుక్కుని లేచాడు.

బతుకమ్మ పండుగ వెళ్ళింది. దసరా వెళ్ళింది. ఆ ఏడు యాదలక్ష్మి ఏటా అడిగే మాట అడగలేదు. పరమేశ్‌కు అది చూసి ఇంకా భయమేసింది. ఆమె మాటిమాటికి అతని ఎడమచేతి వైపు చూసేది, అతను తీసి జేబులో పెట్టుకునేవాడు. ఒకరోజు ఏడుపాయల గుడికి పోయి మొక్కి వచ్చాడు. అక్కడి మంజీర ఏటి నీళ్ళలో చెయ్యి ముంచి గంటసేపు కూర్చున్నాడు. నీళ్ళలోంచి తీస్తే అంతే లేతగా ఉంది.

పండుగలు అయ్యాక దేవిక ఒక మాట చెప్పింది. ప్లాంటు మీద ప్రజల మాట వినడానికి ఫంక్షన్ హాల్లో సభ పెడుతున్నారు. అక్కడ అభ్యంతరం లేదని తేలితే అదే రోజు అనుమతి కాగితం మీద సంతకం. దానికి వచ్చే పెద్ద సారు కొంచెం పట్టింపు మనిషి.

"పంచనామాల ముద్రలేసిన అయిదుగురు ఆడ ఉండాల్నంట అన్నా. సారు స్వయంగా అడుగుతడంట. తోల్కరా."

"గట్ల ఎన్నడు లేదు కద మేడం?"

"ఇప్పుడుంది. ఏం, వాళ్ళు ఊళ్ళె లేరా?"

"ఉన్నరు, ఉన్నరు. ఏడికి పోతరు?"

నోటికొచ్చిన మాట అనేశాడు గానీ, ఐదుగురిని ఎక్కణ్ణుంచి తేవాలి? శంకరంపేటలో కూలీలను పెట్టే ఒక మేస్త్రీ తెలుసు అతనికి. ఐదుగురిని పంపమని, ఎవరు ఏ పేరు చెప్పాలో కాగితం మీద రాసిచ్చాడు. ముద్రలు సరిచూస్తే కొంప మునుగుతుంది. చూడరులే అనుకున్నాడు. అనుకోవడానికేం పోయింది, అతను ఎప్పుడూ అనుకునేదే అది.

సభ రోజున ఉదయం పదింటికి మేస్త్రీ ఫోన్ చేశాడు. "అన్నా, ఈడ స్లాబు పడుతుంది. ఒక్కడు గూడ ఖాళీ లేడు. ఏమనుకోకు." ఫోను పెట్టేశాడు. పరమేశ్ హాలు గేటు దగ్గరే నిలబడ్డాడు. పారిపోదామా అని స్కూటీ తాళం చేతిలోకి తీసుకున్నాడు. అంతలో దేవిక ఎదురొచ్చింది, మొహం వెలిగిపోతూ.

"మస్తు పని చేసినవ్ అన్నా. నీ అయిదుగురు నాకన్న ముందే వచ్చి కూసున్నరు. ముద్రలు గూడ వేసిండ్రు చూడు."

ఆమె చూపించిన హాజరు కాగితంలో ఎల్లేష్ నుంచి మహతి దాకా ఐదు పేర్లున్నాయి. ఐదు ముద్రలున్నాయి. నాలుగో దాంట్లో అడ్డంగా తెల్లగీత ఉంది.

హాలు నిండా జనం. మహిళా సంఘాల ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీరల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ళలో యాదలక్ష్మి కూడా ఉంది. చిట్టచివరి వరసలో, గోడవారన ఐదు కుర్చీల్లో ఐదుగురు. తల నెరిసిన మనిషి ఒకడు. అతని పక్కన యాభై దాటిన ఆడమనిషి. ఇద్దరు మగవాళ్ళు. చివర ఒక పడుచుపిల్ల. బట్టలు మామూలువే, మొహాలు మామూలువే. వాళ్ళు ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటున్నారు. "ఎల్లేష్." "ఆఁ. ఆగమ్మ." "ఆఁ. దామోదర్." పిలవడం, పలకడం, చిన్నగా నవ్వుకోవడం. అయిపోగానే మళ్ళీ మొదలు. పిల్లలు కొత్తగా దొరికిన బొమ్మను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నట్టు ఉంది ఆ వరస.

పరమేశ్ చూపు కిందికి పోయింది. ఐదుగురికీ చెప్పుల్లేవు. తల నెరిసినాయన కాలు మీద కాలేసుకున్నాడు. ఆ అరికాలు లేత గులాబీ రంగులో, ఒక్క పగులు లేకుండా, నేల మీద ఎన్నడూ ఆననట్టుంది.

సభ మొదలైంది. చెరువు కంపు గురించి ఒకరు, దోమల గురించి ఒకరు, జ్వరమొచ్చిన మనవడిని దవాఖానకు తిప్పిన కష్టం గురించి ఒక ముసలమ్మ మాట్లాడారు. ప్లాంటు కావాలన్నవాళ్ళే అందరూ. పెద్ద సారు కళ్ళద్దాలు సర్దుకుని పంచనామా తీశాడు.

"ఎల్లేష్ ఎవరు?"

తల నెరిసినాయన లేచి ముందుకొచ్చాడు. సారు తెల్లకాగితం మీద అతనితో కొత్త ముద్ర వేయించి, పాత ముద్ర పక్కన పెట్టి చూశాడు. సరిపోయింది. ఆగమ్మది సరిపోయింది. దామోదర్‌ది సరిపోయింది. ఇమ్మాన్యుయేల్ వేలు మీద కొడవలి గాటు చూసి "ఇదెప్పటిది?" అని అడిగాడు సారు. "నాది గాదు సార్, గాయినది" అని ఆ మనిషి పరమేశ్ వైపు చూసి నవ్వాడు. సారు విననట్టున్నాడు. మహతిది కూడా సరిపోయింది.

"జాగ మీరు కండ్లార చూసిండ్రా? బొందలేమన్న ఉన్నయా ఆడ?"

ఎల్లేష్ ఆలోచించి చెప్పాడు. "కాగితంల లేవని రాసి ఉన్నది గద సార్. పేర్లు వెట్టి పిలిచిండ్రు, మేం వచ్చినం. ఇప్పుడైతే ఆడ ఎవ్వరు లేరు."

"పేర్లు గూడ మంచిగ వెట్టిండ్రు" అంది ఆగమ్మ సంబరంగా.

హాల్లో నవ్వులు లేచాయి. సారు కూడా నవ్వి, అనుమతి కాగితం ముందుకు జరుపుకుని కలం మూత తీశాడు.

"సంతకం అయినంక మేం ఏడికి పోవాలె సార్?" అన్నాడు దామోదర్.

"ఇంటికి పోండ్రి. అయిపోయింది మీ పని."

"మా ఇల్లు గదే సార్" అంది మహతి.

ఆ గొంతు వినగానే ముందు వరసలో యాదలక్ష్మి లేచి నిలబడింది. పిల్ల వెనక్కి తిరిగింది. నుదురు యాదలక్ష్మిది. చెవులు పరమేశ్‌వి. ఇరవై నాలుగేళ్ళు కళ్ళెదుట పెరిగి ఉంటే ఎలా ఉండేదో అలా ఉంది. అయ్యో, ఎంత అందంగా ఉంది!

"బిడ్డా, నీ పేరేంది?" అని అడిగింది యాదలక్ష్మి.

"మహతి."

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇద్దరికి మాత్రమే తెలిసిన పేరది. యాదలక్ష్మి మెల్లగా తల తిప్పి మొగుణ్ణి చూసింది. పిల్ల కూడా అతన్నే చూసింది.

"నాయినా, చెప్పు. మేం ఏడికి పోవాలె?"

చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, పరువు ఉంటుంది, కలం ఒక్క గీత గీస్తే అన్నీ ఉంటాయి. చెబితే ఏదీ ఉండదు. ఇరవై నాలుగేళ్ళ కింద ఆ మూలకు మోసుకుపోయినప్పుడు చేతుల మీద ఎంత బరువుందో హఠాత్తుగా గుర్తొచ్చింది. ఏమీ బరువు లేదు. తువ్వాలు బరువే ఎక్కువ. అతని ఎడమచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. అతనే తీశాడో, అదే వచ్చిందో.

"సంతకం పెట్టకుండ్రి సార్" అని అరిచాడు. "గా ముద్రలన్ని నావి. ఒక్కడినే వేసిన. తూర్పు మూలకు, తంగేడు చెట్ల కింద బొందలున్నయ్. పేరు వెట్టని పిల్లలవి. మస్తుగున్నయ్ సార్. ఒకటి నాది. నా బిడ్డది. నేనే తవ్విన, నేనే పెట్టిన. నేనే లేదని రాసిన."

ఏడుస్తున్నాడు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ, అంతమందిలో, యాభై ఏళ్ళ మనిషి. దేవిక నుదుటికి చెయ్యి పెట్టుకుంది. "నిన్ను నమ్మి కింద నేను సంతకం పెట్టిన కదన్నా" అంది, తిట్టలేక.

"నీవంటున్నవ్. మరి వీళ్ళ ముద్రలు సరిపోయినయ్ గదా?" అని సారు ఐదుగురి వైపు చెయ్యి చూపాడు.

అక్కడ ఎవరూ లేరు. ఎవరూ గేటు దాటలేదని వాచ్‌మన్ తర్వాత ఒట్టు పెట్టి చెప్పాడు. వాళ్ళు నిలబడ్డ చోట నేల మీద కొంచెం పొడిమట్టి ఉంది.

సారు సిరా డబ్బా పరమేశ్ ముందుకు తోశాడు. పరమేశ్ ఎడమచేతి ఐదు వేళ్ళూ ముంచి తెల్లకాగితం మీద ఒత్తాడు. మనిషంతటి మనిషి ఒత్తితే కాగితం మీద పడ్డవి ఐదు చిన్న చుక్కలు. ఒక్కోటి జొన్నగింజంత. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఆ గింజల్లో సన్నటి సుడులు తిరిగి ఉన్నాయి. సారు చాలాసేపు చూశాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫైలులో పెట్టకుండా తన జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఫైలు మీద ఆయన రాసింది మాత్రం అందరికీ తెలుసు. తూర్పు మూల పదిహేను గుంటలు వదిలి కంచె వేయాలి. ప్లాంటు పడమటి వైపు జరపాలి. మళ్ళీ సర్వే చేసి, నిజం పంచనామా పెట్టాలి. దొంగ పంచనామా రాసిన మనిషిని అదే రోజు పనిలోంచి తీసేశారు. తీసెయ్యరా మరి! అతని మీద కేసు ఉంటుందో లేదో తర్వాత చెబుతామన్నారు.

హాలు బయట యాదలక్ష్మి స్కూటీ పక్కన నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"పా, చూపియ్" అంది.

మధ్యాహ్నం ఎండలో చెరువుకట్ట దిగి వెళ్ళారు. తంగేడు పూలు ఇంకా ఉన్నాయి, మూలంతా పచ్చగా ఉంది. మూడో పొద కింద, పెద్ద రాయికి ఎడమపక్కన, అతను ఒక్క అడుగు కూడా తడుముకోకుండా వెళ్ళి ఆగాడు. ఇరవై నాలుగేళ్ళు చోటు మరిచిపోయానని తనకు తానే చెప్పుకున్నాడు. ఎక్కడ మరిచాడు!

"గీడనే."

యాదలక్ష్మి కూర్చుని నేల మీద చెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది ఆమెకు. "గింత దగ్గరుందా? బతుకమ్మను ఇడువనీకె ఏటేట గీ కట్ట మీదికెల్లే పోయిన గదయ్యా. గింత దగ్గరుంటే గూడ చెప్పలే నువ్వు." అతను పక్కన కూలబడి మట్టి మీదికి వంగాడు.

"మహ..."

ఆమె చప్పున అతని నోరు మూసింది.

"పిలువకు. మల్ల వస్తది పాపం, గంత దూరం."

అతని ఎడమచెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది. అరచేతిలో తన వేలు ఉంచింది. ఐదు వేళ్ళూ ముడుచుకుని పట్టుకున్నాయి. పరమేశ్ కదల్లేదు. గాలి తిరిగినప్పుడల్లా చెరువు వైపు నుంచి మురుగు కంపు వచ్చింది. ఆమె ముక్కు మూసుకోలేదు. మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంది. చాలాసేపటికి నాలుగు వేళ్ళు విడిపోయాయి. చిటికెనవేలు ఒక్కటే ఇంకా పట్టుకుని ఉంది. తర్వాత అదీ సడలింది.

"పండుకుంది" అంది యాదలక్ష్మి గొంతు తగ్గించి. చప్పుడు కాకుండా లేచి, మొగుణ్ణి లెమ్మని సైగ చేసింది.